మీరు అమ్మేది ఫైలుకి: చిన్న సంస్థకు మొదటి ప్రభుత్వ కాంట్రాక్టు

[స్క్రీన్ మీద మూడు సీలు కవర్లు. రెండు తెరుచుకుంటాయి. మూడోది పక్కకు జరుగుతుంది.]

ఒక ప్రభుత్వ టెండర్‌కి ముగ్గురు బిడ్ వేశారు అనుకుందాం. పక్కకు జరిగిపోయిన ఆ మూడో కవర్లో ఉన్న రేటే అందరికంటే తక్కువ. సరుకు కూడా మంచిదే. అయినా ఆ ప్రైస్ బిడ్ తెరవనే లేదు. ముందు అర్హతలు, పని వివరాలు ఉండే టెక్నికల్ బిడ్ పాసవ్వాలి, అప్పుడే రేటు ఉన్న ప్రైస్ బిడ్ తెరుస్తారు. ఈయన టెక్నికల్ బిడ్‌తో పాటు పెట్టాల్సిన ఒక డిక్లరేషన్ మీద సంతకం లేదు.

"ఒక్క ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో పంపేవాడిని కదా!" అని ఆ యజమాని తల పట్టుకుంటాడు. ఆయన బాధ నిజమే. కానీ ఒకసారి ఆఫీసర్ కుర్చీలో కూర్చుని చూడండి. ఒకరికి ఫోన్ చేస్తే మిగతా ఇద్దరూ "మాకెందుకు చేయలేదు?" అంటారు. ఎప్పుడో రెండేళ్ల తర్వాత ఆడిట్ వాళ్లు వచ్చి అదే ప్రశ్న అడుగుతారు. చిన్న చిన్న లోపాలకు వివరణ అడిగే వీలు చాలా దేశాల నిబంధనల్లో ఉంది. కాకపోతే అడగాలో వద్దో తేల్చుకునేది ఆఫీసు. దాన్ని నమ్ముకుని మనం బిడ్ వేయకూడదు.

ప్రైవేటు కస్టమర్ తన డబ్బుతో కొంటాడు. నచ్చింది, కొన్నాడు, అంతే. ప్రభుత్వ ఆఫీసర్ కొనేది జనం డబ్బుతో. ఎవరి దగ్గర కొన్నారు, ఎందుకు కొన్నారు, పక్కవాడికి ఎందుకు ఇవ్వలేదు, అన్నిటికీ ఫైల్లో సమాధానం ఉండాలి. అంటే మీరు అమ్మేది ఆఫీసర్‌కి కాదు, ఫైలుకి. ఇది బుర్రలోకి ఎక్కితే టెండర్ పత్రంలో పిచ్చిగా కనిపించే సగం రూల్స్‌కి అర్థం దొరుకుతుంది.

[స్క్రీన్ మీద: 13 శాతం]

ఇంత తలనొప్పి అవసరమా అంటారా? ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ కూటమిలో 2021లో ప్రభుత్వాలు చేసిన కొనుగోళ్లు వాటి జీడీపీలో సుమారు 13 శాతం. ప్రభుత్వ కాంట్రాక్టు అనగానే మనకు రోడ్లు, వంతెనలే గుర్తొస్తాయి. కానీ ఆఫీసు శుభ్రం చేయడం, ప్రింటింగ్, అనువాదం, కంప్యూటర్ల రిపేరు, యూనిఫాంలు, సిబ్బందికి శిక్షణ కూడా ఎవరో ఒకరు చేసిపెట్టాల్సిందే.

పైగా చాలా దేశాలు చిన్నవాళ్లకు కొంత వాటా పక్కన పెడతాయి. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం నేరుగా ఇచ్చే కాంట్రాక్టుల విలువలో 23 శాతం చిన్న సంస్థలకు దక్కాలన్నది అక్కడి లక్ష్యం. భారత్‌లో కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే కొనాలి. కెన్యాలో యువత, మహిళలు, వికలాంగుల సంస్థలకు 30 శాతం. అయితే మీరు చిన్న సంస్థ అని మీకు తెలిస్తే చాలదు, ఫైలుకి తెలియాలి. సర్టిఫికెట్ లేకపోతే ఆ వాటా మీది కాదు. కాబట్టి ఏ దేశంలో ఉన్నా మొదటి పని రిజిస్ట్రేషన్.

ఇక్కడే ఒక మాట. చాలా దేశాల్లో ప్రభుత్వ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉచితం, అమెరికాలో కూడా అంతే. "మేం చేయించిపెడతాం, ఇంత ఫీజు" అని మెయిళ్లు వస్తాయి, అచ్చం ప్రభుత్వం పంపినట్టే ఉంటాయి. అడ్రస్ చూసుకోండి. రిజిస్టర్ చేసేటప్పుడు మీ వ్యాపారానికి కోడ్ ఎంచుకోమంటారు. యూరప్‌లో సీపీవీ, అమెరికాలో ఎన్‌ఏఐసీఎస్, ఇలా ఒక్కోచోట ఒక్కో పద్ధతి. విసుగొచ్చి ఏదో ఒకటి నొక్కేస్తే, మీకు పనికొచ్చే టెండర్ అలర్టులు వేరే వాళ్లకు పోతాయి.

[స్క్రీన్ మీద: పాత కాంట్రాక్టుల పట్టిక]

రిజిస్ట్రేషన్ అయ్యాక అందరూ కొత్త టెండర్ల పేజీ తెరుస్తారు. నేనైతే ముందు పాతవి చూడమంటాను. ఎవరికి పని ఇచ్చారు, ఎంతకు ఇచ్చారు, ఎంతమంది పోటీపడ్డారు అన్నది చాలా దేశాలు ప్రకటిస్తాయి. ఉక్రెయిన్ ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ ప్రొజోరో అయితే ఇంకా ముందుకెళ్లింది. 2016లో అక్కడి ప్రభుత్వ ఆఫీసులన్నిటికీ తప్పనిసరి అయిన ఈ పోర్టల్‌లో వేలం ముగిశాక ఓడినవాళ్ల బిడ్లు కూడా చూడొచ్చు. "అందరూ అన్నీ చూస్తారు" అన్నదే దాని నినాదం.

ఒక ఆఫీసుకి సంబంధించిన రెండు మూడేళ్ల రికార్డు ముందు పెట్టుకుంటే కథ మొత్తం కనబడుతుంది. ప్రతిసారీ ఒకే సంస్థకు, ఒకే ఒక్క బిడ్‌తో వెళ్తున్న పని ఏది? అయిదారుగురు పోటీపడుతున్నా చేతులు మారుతున్న పని ఏది? మీ మొదటి బిడ్‌కి ఈ రెండో రకం పనే మేలు. అన్నిటికంటే ముఖ్యం, ఇప్పుడున్న కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుంది? ఆ తేదీ తెలిస్తే, తర్వాతి టెండర్ సుమారు ఎప్పుడొస్తుందో ప్రకటన రాకముందే మీకు తెలిసినట్టే. ప్రకటన వచ్చాక పరుగు మొదలుపెడితే చేతిలో మూడు వారాలు కూడా మిగలకపోవచ్చు. అందులో సగం సర్టిఫికెట్ల కోసం తిరగడానికే పోతుంది.

ఇప్పుడు అందరినీ ఏడిపించే రూల్‌కి వద్దాం. "ఇలాంటి పని ఇంతకుముందు చేసి ఉండాలి." అనుభవం లేకపోతే పని ఇవ్వరు, పని ఇవ్వకపోతే అనుభవం రాదు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టు.

దీనికి దొడ్డిదారి లేదు కానీ చిన్న గుమ్మాలు ఉన్నాయి. అన్నిటికంటే సులువైనది, టెండర్ అవసరం లేని కొనుగోళ్లు. ఒక పరిమితి లోపు అయితే ఆఫీసు రెండు మూడు కొటేషన్లు తీసుకుని కొనేయొచ్చు. ఎవరిని కొటేషన్ అడగాలో వెతికేటప్పుడు మీ పేరు వాళ్లకు కనిపించాలి. అందుకు రిజిస్టరయి ఉండాలి. ఒక పేజీ పరిచయం వాళ్ల దగ్గర ఉండాలి, ఏం అమ్ముతారో మొదటి వాక్యంలోనే తెలియాలి. అమ్మేవాళ్లు వచ్చి తమ సరుకు పరిచయం చేసుకోవడం తప్పేమీ కాదు. టెండర్ వెలువడ్డాక చాటుగా కలవడం తప్పు.

రెండో గుమ్మం, పెద్ద కాంట్రాక్టరు కింద సబ్-కాంట్రాక్టు. లాభం తక్కువ, డబ్బు ఆలస్యం, పేరు వాళ్లది. అయినా పని పూర్తయినట్టు ఒక సర్టిఫికెట్ రాయించుకోగలిగితే ఆ కష్టం గిట్టుబాటే. అది ఇస్తామన్న మాట ఒప్పందంలోనే రాయించుకోండి. పని అయ్యాక అడిగితే అప్పటికి ఎవరి తొందర వాళ్లది. ఇద్దరు ముగ్గురు చిన్నవాళ్లు కలిసి జాయింట్‌గా బిడ్ వేయడానికి కూడా చాలాచోట్ల అనుమతి ఉంది. ప్రైవేటు కస్టమర్లకు చేసిన పనిని అనుభవంగా తీసుకునే టెండర్లూ తక్కువేమీ కాదు.

టర్నోవర్ షరతు దగ్గరా ఇదే గొడవ. యూరోపియన్ యూనియన్ 2014లో తెచ్చిన ఆదేశం దీనికి ఒక గీత గీసింది. బిడ్డర్‌కి ఉండాల్సిన వార్షిక టర్నోవర్, మామూలుగా కాంట్రాక్టు అంచనా విలువకు రెండింతలు దాటకూడదు. పెద్ద పనిని ముక్కలుగా విడగొట్టకపోతే, ఎందుకు విడగొట్టలేదో ఆఫీసే కారణం రాయాలి. చూశారా, ఇక్కడ ఫైలు మీ తరఫున పనిచేస్తోంది.

అలాంటి రక్షణ లేని చోట కూడా ప్రశ్న అడిగే దారి ఉంటుంది. బిడ్లు వేయకముందు ఆఫీసు పెట్టే ప్రీ-బిడ్ మీటింగ్, లేదా రాతపూర్వక ప్రశ్నల గడువు. "ఈ షరతు ఇంత కఠినంగా ఉంటే చిన్న సంస్థలు పోటీకే రాలేవు, సడలిస్తారా?" అని మర్యాదగా రాసి పంపండి. సమాధానం బిడ్డర్లందరికీ వెళ్తుంది. షరతు మారితే సవరణ వస్తుంది. ఆ సవరణ చూడకుండా పాత పత్రం ప్రకారం బిడ్ వేసి దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు, కాబట్టి గడువు ముగిసే రోజు వరకూ పోర్టల్ చూస్తూ ఉండాలి.

[స్క్రీన్ మీద: టెండర్ పత్రం. పేజీలు వెనక నుంచి ముందుకు తిరుగుతాయి.]

టెండర్ పత్రం వంద పేజీలు ఉంటుంది. మొదటి పేజీ నుంచి చదవకండి. ముందు అర్హత షరతులు చూడండి, ఒక్కటి తప్పినా అక్కడితో ఆపేయొచ్చు, ఒక సాయంత్రం మిగులుతుంది. తర్వాత మార్కులు ఎలా వేస్తారో చూడండి. ఆ తర్వాత చెల్లింపులు, జరిమానాలు. స్పెసిఫికేషన్ చివర్లో చదివినా నష్టం లేదు, మీ పని మీకు తెలిసిందే కదా.

బిడ్ రాసేటప్పుడు ఒక పట్టిక వేసుకోండి. ఎడమవైపు వాళ్లు అడిగిన ప్రతి అంశం, వాళ్ల మాటల్లోనే, వాళ్ల నంబర్లతోనే. కుడివైపు మీ జవాబు ఏ పేజీలో ఉందో. దాన్నే బిడ్ ముందు పెట్టండి. మార్కులు వేసేవాళ్లు మీ బ్రోషర్ చదివి ముచ్చటపడరు, అడిగింది ఉందా లేదా అని టిక్కు పెట్టుకుంటూ పోతారు. "అత్యుత్తమ సేవ అందిస్తాం" అని రాస్తే దేనికి మార్కు వేయాలి? "ఫిర్యాదు వచ్చిన 4 గంటల్లో మనిషిని పంపుతాం, గత ఏడాది ఫిర్యాదుల రిజిస్టర్ 37వ పేజీలో ఉంది" అంటే మార్కు వేయడానికి ఫైల్లో కారణం దొరికింది.

రేటు సంగతి. తక్కువ రేటుకే పని అన్న చోట లెక్క సింపుల్. నాణ్యతకు 70, ధరకు 30 మార్కులున్న చోట అలా కాదు. అందరికంటే తక్కువ ధరకు పూర్తి 30, మిగతావాళ్లకు ఆ నిష్పత్తిలో తక్కువ వేస్తారు అనుకుందాం. ఒకరి ధర 100, నాణ్యతలో నూటికి 60. ఇంకొకరి ధర 110, నాణ్యతలో 80. మొదటి వాళ్లకు 42, 30 కలిపి 72 మార్కులు. రెండో వాళ్లకు 56, ఇంకో 27 కలిపి సుమారు 83. పది శాతం ఎక్కువ అడిగి కూడా గెలిచారు. మార్కుల పేజీ చదవకుండా రేటు కోసేసుకునే అలవాటు మానుకోండి.

[స్క్రీన్ మీద: 12 నెలల పట్టీ]

ఇప్పుడు కాస్త నెమ్మదిగా వినండి. చిన్న సంస్థలు దెబ్బతినేది ఓడినప్పుడు కాదు, గెలిచినప్పుడు.

ఏడాది కాంట్రాక్టు వచ్చింది. నెలకు 100 బిల్లు, మీ ఖర్చు 85. నెలకు 15 చొప్పున ఏడాదికి 180 లాభం. బాగుంది. మొదటి నెల పూర్తవగానే బిల్లు పెట్టారు. డబ్బు 90 రోజులకు వచ్చింది. అంటే నాలుగో నెల చివర. అప్పటికి నాలుగు నెలల ఖర్చు, 340, మీ జేబులోంచే పోయింది. దాని మీద మొత్తం కాంట్రాక్టు విలువ 1,200కి 5 శాతం పర్ఫార్మెన్స్ గ్యారంటీ, అంటే పని సరిగా చేస్తామన్న హామీగా కట్టేది, ఇంకో 60. అంటే 180 సంపాదించడానికి ముందు 400 పెట్టగలగాలి. అది వడ్డీకి తెచ్చిందైతే 180లో ఎంత మిగులుతుందో మీరే వేసుకోండి. బిడ్‌లో రేటు రాసేముందు చేయాల్సిన లెక్క ఇది. వర్క్ ఆర్డర్ వచ్చాక చేస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

చట్టాలు లేక కాదు. యూరోపియన్ యూనియన్‌లో ప్రభుత్వ సంస్థలు మామూలుగా 30 రోజుల్లో చెల్లించాలి. అమెరికాలో ఫెడరల్ చెల్లింపు ఆలస్యమైతే వడ్డీ కలిపి ఇవ్వాలి. భారత్‌లో 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజులే, దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. కానీ ఒకటో తారీఖున జీతాలకు చట్టం సెక్షన్ చూపించలేం కదా! పైగా మొదటి కస్టమర్ మీద వడ్డీ కేసు వేయడానికి ఎవరికి మనసొస్తుంది?

మన చేతిలో ఉన్నది మాత్రం వదులుకోకూడదు. రోజుల లెక్క తరచుగా సరుకు అందినట్టు, లేదా పని సరిగా జరిగినట్టు ఆఫీసు ఒప్పుకున్న రోజు నుంచి మొదలవుతుంది. ఆ కాగితం అదే రోజు తీసుకోండి. బిల్లు మీద ఆర్డర్ నంబర్‌లో ఒక్క అంకె తప్పినా అది వెనక్కొస్తుంది, అదీ నెల గడిచాక. మీ ఆర్డర్ మీద సంతకం పెట్టిన ఆఫీసర్, బిల్లు పాస్ చేసే సెక్షన్ చాలాసార్లు వేర్వేరు గదుల్లో ఉంటారు. రెండో గదిలో ఎవరున్నారో మొదటి వారంలోనే తెలుసుకోండి.

ఇంకొకటి చెప్పాలి. ఈ రంగంలోకి దిగిన కొన్నాళ్లకే తెలిసినవాళ్లు ఒకరు ఫోన్ చేస్తారు. "ఆ టెండర్‌లో మీ పేరు మీద ఒక కొటేషన్ పడేయండి, రేటు మేమే చెప్తాం. పోటీ కనపడాలి, అంతే. తర్వాతిసారి మీకు మేం వేస్తాం." స్నేహం కొద్దీ అడిగిన చిన్న సాయంలా ఉంటుంది. దీన్ని బిడ్ రిగ్గింగ్ అంటారు. చాలా దేశాల్లో ఇది భారీ జరిమానాలకు దారితీస్తుంది, కొన్నిచోట్ల జైలుకు కూడా. రెండు బిడ్లలో ఒకే అక్షర దోషం, ఒకే కంప్యూటర్ నుంచి అప్‌లోడ్, ఒక బిడ్ కంటే ఇంకోదానిలో అన్నీ సరిగ్గా ఒకే శాతం పెరిగిన రేట్లు, ఇలాంటివే పట్టిస్తాయి. పెద్దవాళ్లు లాయర్లను పెట్టుకుని ఏళ్ల తరబడి కొట్లాడతారు. బ్లాక్‌లిస్టులో పడిన చిన్న సంస్థకు మాత్రం ఆ తలుపు మూసుకున్నట్టే. ఫోన్లోనే "కుదరదండీ" అనేయండి.

[మళ్లీ మూడో కవర్.]

సరే, మన మూడో కవర్ యజమాని దగ్గరికి వద్దాం. ఓడిపోయాడు. కోపంగా ఉన్నాడు. కోపం పక్కన పెట్టి ఒక ఉత్తరం రాయాలి: మా బిడ్ ఎక్కడ తగ్గింది, చెప్పండి. దీన్ని డీబ్రీఫింగ్ అంటారు. గడువు చాలా తక్కువ ఉంటుంది. అమెరికా ఫెడరల్ టెండర్లలో చర్చల పద్ధతిలో ఇచ్చే కాంట్రాక్టులకైతే ఫలితం తెలిసిన 3 రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలి. యూరప్‌లో పెద్ద టెండర్లకు ఫలితం ఎలక్ట్రానిక్‌గా తెలిపాక కనీసం 10 రోజులు ఒప్పందం మీద సంతకం చేయకుండా ఆగాలి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పుకోవడానికి.

ఆయనకు జవాబు వచ్చింది. సంతకం లేని డిక్లరేషన్ సంగతి తెలిసిందే. దాని కింద ఇంకో రెండు లోపాలు రాశారు, అవి ఆయన ఊహించనివి. చివరి పేరాలో గెలిచిన వాళ్ల కాంట్రాక్టు ఎప్పటి నుంచి ఎప్పటి వరకో ఉంది.

[స్క్రీన్ మీద క్యాలెండర్. కాంట్రాక్టు ముగిసే తేదీకి ఆరు నెలల ముందు ఒక గుండ్రని గుర్తు పడుతుంది.]