మ్యూనిక్‌లో ఆదివారం: షాపులు బంద్, ర్యామ్ పాడు, మెమ్‌టెస్ట్ 17

హాయ్ అండి, అందరూ బాగున్నారా? "అక్కా, అసలు నువ్వు చేసే పనేంటో ఒక్కసారి చూపించవే" అని మా తమ్ముడు విజయవాడ నుంచి ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు. ఈరోజు వాడి కోసమే ఈ వీడియో.

నా పాత లాప్‌టాప్ రాత్రి నుంచి ఊరికే హ్యాంగ్ అవుతోంది. ర్యామ్, అంటే కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ, దాని మీదే నా అనుమానం. కొత్త స్టిక్ యాభై యూరోలు అనుకోండి, మన డబ్బుల్లో ఐదు వేల పైమాటే. అయినా సరే కొందామంటే ఈరోజు ఆదివారం! జర్మనీలో ఆదివారం షాపులు తెరవరు, చట్టమే అలా ఉంది. పెద్ద రైల్వే స్టేషన్లలో ఉండేవి, బేకరీలు, అలాంటివి కొన్నే తెరిచి ఉంటాయి. గోడకి డ్రిల్లు పెట్టకూడదు, గాజు సీసాలు వీధి డబ్బాలో పడేయకూడదు, చప్పుడవుతుందని. ప్లాస్టిక్ సీసాలకైతే ఇంకో పద్ధతి. కొన్నప్పుడే చాలావాటికి ఒక్కోదానికి 25 సెంట్లు, అంటే పాతిక రూపాయల పైనే, డిపాజిట్ కట్టించుకుంటారు. ఖాళీ సీసా షాపులో మెషీన్‌లో వేస్తే ఆ డబ్బు తిరిగిచ్చేస్తారు. మా ఇంట్లో ఓ సంచీడు పోగయ్యాయి, రేపు తీసుకెళ్లాలి. మనింట్లో ఆదివారం అంటే కుక్కర్ విజిల్స్, పక్కింటి టీవీ, చుట్టాలు. ఇక్కడ ఫ్రిజ్ మోత కూడా వినిపిస్తుంది. సరే, లాప్‌టాప్ దగ్గరికి వద్దాం.

నా లాప్‌టాప్‌ని నడిపేది లినక్స్. దాని గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌ని కెర్నెల్ అంటారు. ఆ కెర్నెల్‌లోనే ఒక చిన్న మెమరీ పరీక్ష ఉంది, పేరు మెమ్‌టెస్ట్. కంప్యూటర్ ఆన్ అయ్యే మొదట్లోనే, ఖాళీగా ఉన్న మెమరీ అంతటా ఒక నమూనా రాస్తుంది, తర్వాత మళ్లీ చదివి పోల్చుతుంది. మొత్తం 17 నమూనాలు. అన్నీ సున్నాలు, అన్నీ ఒకట్లు, ఒకటి విడిచి ఒకటి, ఇలా. అందులో ఒకదాని బైట్లు అక్షరాలుగా చదివితే ఎల్, ఐ, ఎన్, యూ, ఎక్స్, ఆర్, ఎల్, జెడ్ అని వస్తుంది, "లినక్స్ రూల్స్", అంటే లినక్స్‌దే పైచేయి అన్నమాట! అది రాసినవాళ్ల సంతోషం చూసి నాకు భలే ముచ్చటేస్తుంది. తేడా దొరికిన చోటుని కెర్నెల్ పక్కన పెట్టేస్తుంది, ఇక దాన్ని ఎవరికీ ఇవ్వదు. అంటే షాపు తెరిచేదాకా ఈ లాప్‌టాప్‌తోనే నడిపించుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. మనం రాసిన కోడ్‌ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్‌ని కంపైలర్ అంటారు. కెర్నెల్‌ని క్లాంగ్ అనే కంపైలర్‌తో తయారుచేస్తే ఈ పరీక్ష పాడైన మెమరీని పట్టుకోలేకపోయేది. కంపైలర్ తెలివి ఎక్కువైపోయి! ఇప్పుడే రాసిన విలువే కదా, మళ్లీ చదవడం దేనికని ఆ పని ఎగ్గొట్టేది. గ్యాస్ కట్టేశావో లేదో చూడరా అంటే, లేవకుండానే "ఇందాకే కట్టేశా కదా" అనే పిల్లాడిలాగ. 2024లో దాన్ని సరిచేశారు. కోడ్‌లో మెమరీకి రాసేచోట రైట్ వన్స్, చదివేచోట రీడ్ వన్స్ అని పెట్టారు. ఆ రెండూ పెడితే కంపైలర్ నిజంగా మెమరీ దాకా వెళ్లి తీరాలి. ఆండ్రాయిడ్ ఫోన్ల కెర్నెల్‌ని గూగుల్ క్లాంగ్‌తోనే బిల్డ్ చేస్తుంది, అందుకే ఇది చిన్న సంగతి కాదు. పరీక్ష లేకపోతే కనీసం అనుమానమైనా మిగులుతుంది. చదవకుండానే పాస్ అనేసే పరీక్ష ఆ అనుమానాన్ని కూడా తుడిచేస్తుంది, అది నాకు నిజంగా భయం.

నేనూ క్లాంగ్‌తోనే బిల్డ్ చేసుకుంటాను కాబట్టి ఆ ప్యాచ్, అంటే ఆ సవరణ, ఉందని చూసుకునే మొదలుపెట్టాను. ఆన్ చేయగానే లినక్స్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్ పేరు గ్రబ్. దాని మెనూలో "ఇ" నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైను చివర మెమ్‌టెస్ట్ ఈక్వల్ టు 17 అని రాయాలి. ఇదిగో ఈ జర్మన్ కీబోర్డు చూడండి, ఈక్వల్ గుర్తు సున్నా మీద ఉంది. కానీ గ్రబ్‌కి ఇది అమెరికా కీబోర్డే! సున్నాకి కుడివైపు రెండో బటన్ నొక్కితేనే ఈక్వల్ పడుతుంది. జెడ్, వై కూడా తారుమారే. వచ్చిన కొత్తలో పాస్‌వర్డ్ కొట్టాలంటేనే విసుగొచ్చేది, ఇప్పటికీ వస్తుంది.

ఎఫ్ 10 నొక్కాను, తెర కాసేపు నల్లగా ఉండిపోయింది... ఆ, వచ్చింది! డీమెసేజ్‌లో, అంటే కెర్నెల్ రాసిన సందేశాల్లో, "బ్యాడ్ మెమ్ అడ్రెస్", చివర "రిజర్వ్‌డ్", అంటే పక్కన పెట్టేశాను అని ఉంది చూడండి. దొరికేసింది. మొత్తం ఎంత పాడైందో మెమరీ వివరాలుండే మెమ్‌ఇన్ఫో అనే ఫైల్‌లో కనిపిస్తుంది, "ఎర్లీ మెమ్‌టెస్ట్ బ్యాడ్" అని. ఈ లైను 2023లో చేర్చారు. నాది 1 కేబీ అంటోంది. కొన్ని బైట్లే పోయినా దాన్ని సున్నా అని చూపించదు, కనీసం ఒకటి అంటుంది. ఇలా ఆలోచించి రాసినవాళ్లకి దండం పెట్టాలనిపిస్తుంది.

తమ్ముడూ, నీ లాప్‌టాప్‌లో కూడా చూడరా. 0 కేబీ అని ఉంటే పరీక్ష జరిగింది, తప్పు దొరకలేదని. ఆ లైనే కనిపించకపోతే పరీక్షే జరగలేదని, లేదా కెర్నెల్ ఆ లైను చేర్చకముందుదని. నాన్న ఫైళ్లు అందులోనే ఉన్నాయి, ముందు వాటిని కాపీ చేసి ఇంకోచోట పెట్టు.