ఓటు లేకపోయినా మన కౌన్సిల్ మెంబరే: న్యూయార్క్ చలికాలంలో తెలుసుకోవాల్సిన సంగతులు

[స్క్రీన్ మీద: క్వీన్స్‌లో ఒక వీధి, ఇళ్ల ముందు కొత్తగా పడిన మంచు]

నమస్తే అండీ. న్యూయార్క్ సిటీలో అద్దె ఇళ్లలో ఉంటున్న తెలుగువాళ్ల కోసం ఈ వీడియో చేస్తున్నాను. జెర్సీ సిటీలోనో ఎడిసన్‌లోనో ఉన్నవాళ్లకు ఈ చట్టాలు వర్తించవు, అది వేరే రాష్ట్రం. అయినా చూడండి, మీ ఊళ్లో ఎవరిని ఏం అడగాలో కొంత తెలుస్తుంది.

చలికాలం మొదలవగానే ఇక్కడి కౌన్సిల్ మెంబర్ల ఆఫీసుల నుంచి సమాచారం వస్తుంది. హీటింగ్ రాకపోతే ఏం చేయాలి, మంచు ఎవరు తీయాలి, ఏ బిల్లు పాసైంది, బడ్జెట్ ఎంతవరకు వచ్చింది, ఇవన్నీ అందులో ఉంటాయి. మనవాళ్లు చాలామంది దాన్ని తెరిచి కూడా చూడరు. "మనకు ఓటే లేదు, వాళ్లతో మనకేం పని" అంటారు. హెచ్‌-1బీ మీద ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటూ, పన్నులన్నీ కడుతూ, పిల్లల్ని ఇక్కడి బడులకు పంపుతూ కూడా అదే మాట అంటుంటే నాకు చాలా బాధేస్తుంది.

[స్క్రీన్ మీద: సిటీలోని ఐదు బరోల (పెద్ద భాగాల) మ్యాప్, 51 డిస్ట్రిక్టుల గీతలతో]

న్యూయార్క్ సిటీ కౌన్సిల్‌లో 51 మంది ఉంటారు. మన దగ్గర కార్పొరేటర్ లాంటి పదవే అనుకోండి, కానీ ఒక్కొక్కరి కింద సుమారు 1,70,000 మంది జనం. ఆ డిస్ట్రిక్టుల గీతలు గీసేది ఓటర్లను లెక్కపెట్టి కాదు, జనాభా లెక్కలను బట్టి. 2020 సెన్సస్‌లో ఇక్కడ ఉన్నవాళ్లను వీసా ఏదని అడక్కుండానే లెక్కలోకి తీసుకున్నారు. అంటే కౌన్సిల్ మెంబర్ సీటు నిలబడింది మనల్ని కూడా కలుపుకున్న లెక్క మీదే. వాళ్ల ఆఫీసుకు వెళ్తే అడిగేది మీ అడ్రసు. మీ ఓటరు కార్డు ఎవరికీ అక్కర్లేదు.

ఓటు సంగతి కూడా చెప్పాలి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లూ, ఇక్కడ పనిచేసే అనుమతి ఉన్నవాళ్లూ సిటీ ఎన్నికల్లో ఓటు వేయవచ్చని 2021 డిసెంబరులో ఇదే కౌన్సిల్ చట్టం చేసింది. దాదాపు 8 లక్షల మందికి ఓటు వచ్చేది. అది అమల్లోకి రాకముందే కోర్టుకెక్కింది. రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఓటు పౌరులకే అంటూ 2025 మార్చిలో రాష్ట్రంలోని అత్యున్నత న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. కాబట్టి ఓటు లేదు. మిగతావన్నీ ఉన్నాయి.

[స్క్రీన్ మీద: పాత అపార్ట్‌మెంట్‌లో రేడియేటర్]

అన్నిటికంటే ముందు హీటింగ్. అక్టోబర్ 1 నుంచి మే 31 వరకు ఇంటి ఓనర్ వేడి ఇచ్చి తీరాలి. పగలు, అంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు, బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే ఇంట్లో కనీసం 68 ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట ఎంత ఉన్నా సరే, లోపల 62 ఉండాలి. వేడినీళ్లు ఏడాది పొడవునా 120 డిగ్రీలకు తగ్గకూడదు. ఇవి ఓనర్ దయ కాదండీ, చట్టం.

రాకపోతే ఏం చేయాలి? ముందు ఓనర్‌కో, సూపర్‌కో (బిల్డింగ్ బాగోగులు చూసే మనిషికో) మెసేజ్ పెట్టండి. నోటిమాటగా చెప్పి ఊరుకోకండి, రాతలో ఉండాలి. గదిలో థర్మామీటర్ పెట్టి, టైమ్ కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. అయినా కదలకపోతే 311కి, అంటే సిటీ ఫిర్యాదుల నంబర్‌కి, ఫోన్ చేయండి. 175కు పైగా భాషల్లో ఇంటర్‌ప్రెటర్లు ఉంటారు. ఇంట్లో అమ్మకో నాన్నకో ఇంగ్లిష్ రాకపోతే, తెలుగు కావాలని అడగమనండి. ఫిర్యాదు హౌసింగ్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్తుంది. వాళ్లు ముందు ఓనర్‌తో మాట్లాడతారు, తర్వాత ఇన్‌స్పెక్టర్‌ని పంపుతారు. వేడి లేదని తేలితే "వెంటనే ప్రమాదకరం" అనే తరగతి కింద కేసు రాస్తారు, అది అన్నిటికంటే తీవ్రమైనది. ఓనర్ అప్పటికీ చేయించకపోతే సిటీయే రిపేరు చేయించి బిల్లు ఓనర్ మీద వేయవచ్చు.

ఫోన్ పెట్టేసే ముందు మీకో నంబర్ ఇస్తారు. దాన్ని పోగొట్టుకోకండి. కౌన్సిల్ మెంబర్ ఆఫీసుకు వెళ్లినప్పుడు వాళ్లు మొదట అడిగేది అదే. ఆ నంబర్ ఉంటే వాళ్లు డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి "ఇదేమైంది" అని నిలదీయగలరు. లేకపోతే వాళ్లు కూడా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. బిల్డింగ్‌లో పదిళ్లవాళ్లకూ వేడి రాకపోతే పదిళ్లవాళ్లూ విడివిడిగా ఫిర్యాదు చేయాలి. ఒక్కరు చేస్తే అది ఒక ఫ్లాట్ సమస్యగా మిగిలిపోతుంది.

"ఫిర్యాదు చేస్తే ఓనర్ ఖాళీ చేయమంటాడేమో" అని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ఫిర్యాదు చేసినందుకు కక్ష తీర్చుకోకూడదని రాష్ట్ర చట్టం ఉంది. కానీ ఒక మెలిక ఉంది. ఓనర్ కూడా అదే ఇంట్లో ఉంటూ, నాలుగు కంటే తక్కువ పోర్షన్లు ఉంటే ఆ రక్షణ వర్తించదు. క్వీన్స్‌లో మనవాళ్లు చాలామంది ఉండేది అలాంటి ఇళ్లలోనే. మీది అదే పరిస్థితి అయితే తొందరపడకుండా, ముందు కౌన్సిల్ మెంబర్ ఆఫీసులో ఉచిత న్యాయసలహా దొరుకుతుందేమో అడగండి. చాలా ఆఫీసుల్లో అద్దెకుండేవాళ్ల కోసం లాయర్లు వారానికో నెలకో వచ్చి కూర్చుంటారు.

[స్క్రీన్ మీద: నల్లని తెర, తేదీ మాత్రమే: 9 జనవరి 2022]

హీటింగ్ గురించి ఇంతసేపు ఎందుకు చెబుతున్నానంటే, 2022 జనవరి 9న బ్రాంక్స్‌లోని ట్విన్ పార్క్స్ అనే 19 అంతస్తుల బిల్డింగ్‌లో మంటలు వచ్చి 17 మంది చనిపోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు. చాలా కుటుంబాలు పశ్చిమ ఆఫ్రికా నుంచి, ఎక్కువగా గాంబియా నుంచి వచ్చినవి. మనలాగే బతుకుదెరువు కోసం వచ్చినవాళ్లు. ఒక ఫ్లాట్‌లో రోజుల తరబడి ఆపకుండా నడిచిన స్పేస్ హీటర్ వల్ల మంట మొదలైంది. దానంతట అదే మూసుకోవాల్సిన ఫ్లాట్ తలుపు తెరిచే ఉండిపోయింది. పొగ మెట్ల దారి గుండా పై అంతస్తులకు పాకింది. చాలామంది ప్రాణాలు తీసింది ఆ పొగే.

ఆ తర్వాత కౌన్సిల్ కొన్ని చట్టాలు చేసింది. తలుపు దానంతట అది మూసుకోవడం లేదని కేసు రాస్తే, బాగు చేయించడానికి ఓనర్‌కి ఇచ్చే గడువు 21 రోజుల నుంచి 14 రోజులకు తగ్గింది. థర్మోస్టాట్, ఆటోమేటిక్‌గా ఆగిపోయే ఏర్పాటు లేని స్పేస్ హీటర్లు అమ్మకూడదన్నారు. ఈ రోజే మీ ఫ్లాట్ మెయిన్ డోర్ పూర్తిగా తెరిచి వదిలేయండి. దానంతట అది మూసుకుని గడియ పడాలి. పడకపోతే అది కూడా 311కి చెప్పాల్సిన సంగతే.

[స్క్రీన్ మీద: బిల్లు ప్రయాణం, బొమ్మలతో]

చట్టం ఎలా అవుతుందో ఒక ఉదాహరణతో చెప్తాను, మన జేబుకు బాగా తగిలిన ఉదాహరణ. ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకుంటే, ఓనర్ పెట్టుకున్న బ్రోకర్‌కు కూడా మనమే ఫీజు కట్టాల్సి వచ్చేది. ఒక నెల అద్దె నుంచి ఏడాది అద్దెలో 15 శాతం వరకు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు అప్పు చేసి కట్టిన సందర్భాలు ఎన్నో. బ్రోకర్‌ను ఎవరు పెట్టుకుంటే వాళ్లే కట్టాలని బ్రూక్లిన్ కౌన్సిల్ మెంబర్ చి ఒస్సే ఒక బిల్లు పెట్టారు. దానికొక నంబర్ వచ్చింది, కమిటీకి వెళ్లింది, బహిరంగ హియరింగ్ జరిగింది. అద్దెకుండేవాళ్లు వచ్చి మాట్లాడారు. బ్రోకర్లూ గట్టిగానే ఎదురు మాట్లాడారు. చివరికి 2024 నవంబరులో 42-8 ఓట్లతో పాసైంది.

మామూలుగా బిల్లు పాసవ్వాలంటే 26 ఓట్లు కావాలి. తర్వాత మేయర్‌కు 30 రోజుల సమయం ఉంటుంది. సంతకం పెట్టకపోయినా, తిప్పి పంపకపోయినా గడువు దాటాక అదే చట్టమైపోతుంది. ఈ బిల్లు అలాగే చట్టమైంది. మేయర్ వీటో చేసినా 34 మంది కలిస్తే దాన్ని దాటవచ్చు. 2025 జూన్ 11 నుంచి ఇది అమల్లో ఉంది. ఓనర్ పెట్టిన బ్రోకర్ ఇప్పుడు మిమ్మల్ని ఫీజు అడిగితే కట్టకండి, ఫిర్యాదు చేయండి.

మంచు గురించి రెండు మాటలు. సొంతిల్లు కొన్నవాళ్లు వినండి: ఇంటి ముందు సైడ్‌వాక్ మీద మంచు తీయాల్సింది మీరే. పగలు మంచు ఆగితే 4 గంటల్లో, సాయంత్రం 5 నుంచి 9 లోపు ఆగితే 14 గంటల్లో, ఆ తర్వాత రాత్రిపూట ఆగితే మర్నాడు ఉదయం 11 లోపు తీసేయాలి. తీసిన మంచు రోడ్డు మీదికి తోయకూడదు. గట్టిగా మంచు పడ్డాక చెత్త బండి రాలేదని కంగారు పడకండి. రోడ్ల మీద మంచు తోసేది కూడా ఆ బండ్లే, ముందు ప్లౌ, అంటే మంచు తోసే పలక, తగిలించుకుని తిరుగుతుంటాయి.

[స్క్రీన్ మీద: ఫ్లషింగ్, బౌన్ స్ట్రీట్, గుడి గోపురం]

ఫ్లషింగ్ గణేశ్ గుడికి వెళ్లనివాళ్లు మనలో తక్కువే. 1977లో ప్రతిష్ఠ జరిగిన గుడి అది. ఆ వీధి బోర్డు మీద 2022 నుంచి "గణేశ్ టెంపుల్ స్ట్రీట్" అని కూడా ఉంది. ఇలా వీధికి రెండో పేరు పెట్టాలన్నా కౌన్సిల్ బిల్లు పాసవ్వాలి. ఎవరో అడిగారు, అర్జీ పెట్టారు, కాబట్టే వచ్చింది. దర్శనానికి వెళ్లినప్పుడు ఆ బోర్డు చూస్తే నాకు గర్వంగా ఉంటుంది.

కౌన్సిల్ మెంబర్ వల్ల కాని పనులు కూడా ఉన్నాయి. సబ్‌వే రైళ్లు నడిపే ఎమ్‌టీఏ రాష్ట్రం చేతిలో ఉంటుంది. వీసా, గ్రీన్‌కార్డ్ ఫైల్ ఆగిపోతే వెళ్లాల్సింది మీ ఏరియా అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యుడి ఆఫీసుకు. వాళ్లు ఇమ్మిగ్రేషన్ శాఖకు రాసి కనుక్కుంటారు.

[స్క్రీన్ మీద: క్యాలెండర్, జనవరి నుంచి జూన్ వరకు]

ఇక బడ్జెట్. నా దృష్టిలో చలికాలంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. 2025 జూన్ ఆఖరున కౌన్సిల్ ఆమోదించిన సిటీ బడ్జెట్ 115.9 బిలియన్ డాలర్లు. కొత్త ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది కానీ, మేయర్ మొదటి ముసాయిదా చలికాలంలోనే బయటికి వస్తుంది. మార్చిలో కౌన్సిల్ ఒక్కో శాఖను పిలిచి హియరింగ్‌లు పెడుతుంది. జూన్‌లో మేల్కొని మా లైబ్రరీ ఆదివారం ఎందుకు తెరవరు, మా బడిలో ఏసీ ఎందుకు లేదు అంటే అప్పటికి డబ్బంతా పంచేసి ఉంటారు.

ఆ హియరింగ్‌లలో ఎవరైనా మాట్లాడవచ్చు. పౌరసత్వం అడగరు. ఇంట్లో కూర్చుని జూమ్‌లో మాట్లాడవచ్చు, రెండు మూడు నిమిషాలు ఇస్తారు. ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ముందుగా అడగాలి. మాట్లాడటానికి భయమైతే, హియరింగ్ అయిన 72 గంటల లోపు రాసి పంపినా రికార్డులోకి ఎక్కుతుంది. కొన్ని డిస్ట్రిక్టుల్లో కౌన్సిల్ మెంబర్ కనీసం పది లక్షల డాలర్లు పక్కన పెట్టి, దేనికి ఖర్చు చేయాలో జనాన్నే ఓటు వేయమంటారు. ఇందులో 11 ఏళ్లు నిండిన పిల్లల నుంచి ఎవరైనా ఓటు వేయవచ్చు, వీసాతో పని లేదు. మీ డిస్ట్రిక్టులో అది ఉందో లేదో ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. ఉంటే వసంతంలో ఓటింగ్ ఉంటుంది, పిల్లల్ని కూడా తీసుకెళ్లండి.

మీ కౌన్సిల్ మెంబర్ ఎవరో తెలియకపోతే, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఇంటి అడ్రసు కొడితే పేరు, ఆఫీసు నంబర్ వస్తాయి. మీ ఏరియా, మీ బిల్డింగ్ సమస్య కింద కామెంట్లో రాయండి. ఇంటి నంబర్, ఫోన్ నంబర్ మాత్రం పెట్టకండి. మార్చి హియరింగ్‌కి మూడు నిమిషాల వాంగ్మూలం ఎలా రాయాలో వచ్చే వీడియోలో నమూనాతో సహా చూపిస్తాను.