నవంబరు 1: తేదీ రాసే ముందు చూసుకోవలసినవి

అందరికీ నమస్కారం. బళ్లో ప్రార్థన సమయంలో "చరిత్రలో ఈ రోజు" చదివించే ఉపాధ్యాయులు, గ్రంథాలయం బోర్డు మీద రోజూ నాలుగు ముక్కలు రాసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా ఒక్క తేదీ పట్టుకుని మాట్లాడుకుందాం. అది నవంబరు 1. తప్పులు తేలిగ్గా దొర్లే తేదీ.

ముందు మన ఇంటి తప్పు. "1956 నవంబరు 1న పొట్టి శ్రీరాములు ఆత్మత్యాగ ఫలితంగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది" అని రాసేస్తుంటారు. ఇందులో రెండు వేర్వేరు ఘటనలు కలగాపులగమయ్యాయి. శ్రీరాములు గారు మద్రాసులో దీక్ష మొదలుపెట్టింది 1952 అక్టోబరు 19న, కన్నుమూసింది డిసెంబరు 15 రాత్రి. మొదటి రోజు, చివరి రోజు రెండూ లెక్కలో వేస్తేనే 58 రోజులు వస్తాయి. పిల్లలచేత వేళ్ల మీద లెక్కపెట్టించండి. డిసెంబరు 19న నెహ్రూ ప్రకటన చేశారు. కర్నూలు రాజధానిగా, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న. 1956 నవంబరు 1 సంగతి వేరు. ఆ రాష్ట్రంతో హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. రాజధాని హైదరాబాదుకు మారింది, నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. మరాఠీ జిల్లాలు బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకు పోయాయి. అదే రోజున కేరళ ఏర్పడింది. మైసూరుకు కర్ణాటక అని పేరు మారింది మాత్రం 1973 నవంబరు 1న. ఈ రెంటినీ కలిపి "1956లో కర్ణాటక" అని రాసేస్తారు, జాగ్రత్త.

ఇక్కడే ఒక అలవాటు చేసుకోవాలి. తేదీ పక్కన అది ఏ రకం తేదీయో రాసుకోండి. చట్టం అయిన రోజా, అమల్లోకి వచ్చిన రోజా, ప్రకటించిన రోజా? రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం 1956 ఆగస్టు 31 నాటిది, అమలు నవంబరు 1న. తెలంగాణ విషయంలోనూ ఇంతే: లోక్‌సభ ఆమోదం 2014 ఫిబ్రవరి 18, రాజ్యసభ ఆమోదం 20, రాష్ట్రపతి సంతకం మార్చి 1, రాష్ట్రం పుట్టింది జూన్ 2. నాలుగూ నిజమే. ఏది దేనికో చెప్పకపోతే నాలుగూ తప్పే.

దీనికి యానాం కంటే మంచి ఉదాహరణ నాకు తట్టదు. యానాంలో ఫ్రెంచి పాలనను దించేసింది 1954 జూన్ 13న. విలీనం మీద పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ప్రతినిధులు ఓటేసింది అక్టోబరు 18న. 178 మందిలో 170 మంది భారత్ వైపు మొగ్గారు. ఒప్పందం మీద సంతకాలు అక్టోబరు 21న. పాలన చేతులు మారింది నవంబరు 1న. అప్పగింత సంధి 1956 మే 28న కుదిరినా, ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం పొంది చట్టరీత్యా విలీనం పూర్తయ్యేసరికి 1962 ఆగస్టు 16 వచ్చింది. "యానాం విమోచన దినం ఏది?" అని అడిగితే, ఏ అర్థంలో అని తిరిగి అడగాలి. నవంబరు 1 బోర్డు మీద "యానాంతో సహా పుదుచ్చేరి ప్రాంతాల పాలన భారత్ చేతికి వచ్చింది" అని రాస్తే వంక పెట్టేవాడుండడు.

ఘటన తేదీ వేరు, ఉత్సవం తేదీ వేరు. ఉత్సవాన్ని ప్రభుత్వాలు మార్చగలవు. తమిళనాడు తన రాష్ట్ర దినాన్ని కొన్నాళ్లు నవంబరు 1న జరుపుకొని, 2021లో జులై 18కి మార్చుకుంది. తెలంగాణ ఉద్యమంలో ఇదే నవంబరు 1ని విద్రోహ దినంగా పాటించినవాళ్లున్నారు. తెలంగాణ బడిలో ఈ తేదీ రాయాలా వద్దా అని సందేహం అక్కర్లేదు. జరిగింది రాయండి. పండగో నిరసనో చదివేవాళ్లు తేల్చుకుంటారు.

ఇక గడియారం తెచ్చే చిక్కు. అమెరికా తొలి హైడ్రోజన్ బాంబును పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవుల్లో పేల్చింది 1952 నవంబరు 1 ఉదయం 7.15కి. అప్పటికి గ్రీనిచ్‌లో అక్టోబరు 31 రాత్రి 7.15, వాషింగ్టన్‌లో ఇంకా పట్టపగలు. మన దేశంలో అర్ధరాత్రి దాటి 12.45, అంటే నవంబరు 1. ఒక పుస్తకంలో 31, మరోదాంట్లో 1 కనపడితే ఏదో ఒకటి తప్పనుకోకండి. ఘటన జరిగిన చోటి తేదీ రాయడం మంచి పద్ధతి.

క్యాలెండరు చిక్కు ఇంకా పెద్దది. 1755 నవంబరు 1న, సకల పునీతుల పండగనాడు, జనం చర్చిల్లో ఉండగా లిస్బన్‌లో భూకంపం వచ్చింది. తర్వాత సునామీ, రోజుల తరబడి మంటలు. మృతుల సంఖ్య ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది కనుక "వేలమంది" అని ఆగిపోండి. తేదీతో మాత్రం పేచీ లేదు, అప్పటికే పోర్చుగల్‌ది కొత్త క్యాలెండరే, అంటే ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్. ఇంగ్లండు మాత్రం 1752 సెప్టెంబరు 2 తర్వాతి రోజును 14గా లెక్కపెట్టి అప్పుడు మారింది. అంతకుముందు ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో ఉన్నది పాత (జూలియన్) లెక్క. 1746లో ఫ్రెంచివాళ్లకు మద్రాసు లొంగిన రోజు ఇంగ్లీషు రికార్డుల్లో సెప్టెంబరు 10, ఫ్రెంచి రికార్డుల్లో 21. రోజు ఒక్కటే, తేడా 11 రోజులు. మద్రాసు, మచిలీపట్నం పాత సంగతులు రాసేవాళ్లు ఇది మరిచిపోతే పక్కపక్క పుస్తకాల్లోంచి ఒకే ఘటనను రెండుసార్లు ఎక్కిస్తారు.

శాసనాల తేదీలంటే చాలామంది భయపడతారు గానీ, సరిచూసుకోవడానికి అవే నయం. తుమకూరు జిల్లా హొన్నేనహళ్లి శాసనం శ్రీకృష్ణదేవరాయల మరణాన్ని శక 1451, విరోధి సంవత్సరం, కార్తీక శుద్ధ పౌర్ణమి, చంద్రగ్రహణం నాడు అని చెబుతుంది. శకానికి 78 కలిపితే 1529. విరోధి అరవైలో ఇరవై మూడోది. ప్రభవ 1987లో వచ్చింది కదా, అరవై చొప్పున వెనక్కి నడిస్తే 1507 ప్రభవ, అక్కణ్నుంచి ఇరవై రెండేళ్లకు విరోధి సరిగ్గా 1529లో పడుతుంది. ఇంగ్లీషు తేదీ అక్టోబరు 17, ఆదివారం. చంద్రగ్రహణం పున్నమినాడే వస్తుంది కాబట్టి ఆ పొంతనా కుదిరింది. సంవత్సరం, తిథి, వారం మూడూ ఒకదానికొకటి సాక్ష్యం. ఏ ఒక్కటి పొసగకపోయినా చదవడంలోనో గుణించడంలోనో తప్పుందన్నమాట. శకానికి 78 కలపడం కూడా గుడ్డిగా వద్దు. పుష్య, మాఘ, ఫాల్గుణాల్లో ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉండవచ్చు, అప్పుడు 79.

పుట్టినరోజులు త్వరగా చెప్పేస్తాను. నవంబరు 1కి దేవులపల్లి కృష్ణశాస్త్రి ఉన్నారు, 1897లో పిఠాపురం దగ్గర పుట్టారు. పాతతరం వాళ్ల విషయంలో రెండు చోట్ల దెబ్బతింటాం. ఒకటి, బళ్లో వేసేటప్పుడు పంతులుగారు రాసుకున్న తేదీ. జులై 1న పుట్టినవాళ్లు మన రికార్డుల్లో అంతమంది ఉండటానికి కారణం అదే. రెండు, తెల్లవారుజామున పుట్టినవాళ్లు. మన పెద్దల లెక్కలో సూర్యోదయం దాకా ముందురోజు వారమే నడుస్తుంది, ఇంగ్లీషు తేదీ మాత్రం అర్ధరాత్రికే మారిపోతుంది. "ఆదివారం రాత్రి మూడింటికి" అని ఇంట్లో చెబితే అది సోమవారం తేదీ.

బోర్డుకు ఎక్కించే ముందు చిన్న చీటీ పెట్టుకోండి: సంవత్సరం, ఊరు, ఘటన, ఏ రకం తేదీ, ఎక్కడ చూశాం. రెండుచోట్ల చూడాలి, ఆ రెండూ ఒకదాన్నుంచి ఒకటి ఎత్తిరాసినవి కాకూడదు. అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయంటే అవి రెండు ఆధారాలు కావు, ఒక్కటే. రోజుకు నాలుగైదుకు మించి రాయకండి. 1858 నవంబరు 1న అలహాబాదులో గవర్నర్ జనరల్ కానింగ్ విక్టోరియా రాణి ప్రకటన చదివిన సంగతి ఎనిమిదో తరగతికి పాఠంతో ముడిపడుతుంది, అది ముందు పెట్టండి. తేదీ తేలనిది ఉంటే "నవంబరులో" అని నెలవారీ బోర్డుకు పంపండి, రోజు బోర్డు మీద వద్దు.