కొండ మీద కేబుల్ తెగితే ఎన్నాళ్ళకి అతుకుతున్నాం?

అందరికీ నమస్కారం. ముందు వరసలో వాళ్ళ చేతికి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాను, అందులో ఫైబర్ ముక్క ఉంది, చూసి పక్కవాళ్ళకి ఇవ్వండి, మూత మాత్రం తీయకండి, అది గాజు, గుచ్చుకుంటే చర్మంలోనే విరిగిపోద్ది, కంటికి కనపడదు కూడా. ఫైబర్ ఫైబర్ అని రోజూ అంటాం గానీ పైన తొడుగు తీసేసిన ఫైబర్ని చేత్తో పట్టుకుని చూసినవాళ్ళు తక్కువ. ఆ పోగు మొత్తం మందం 125 మైక్రాన్లు. వెలుగు నడిచేది మాత్రం దాని మధ్యలో ఉన్న 9 మైక్రాన్ల దారిలోనే. మన వెంట్రుక ఆ దారికన్నా ఎన్నో రెట్లు లావు.

నేను పద్దెనిమిదేళ్ళుగా ఈ పోగుల్ని అతికే పని చేస్తున్నాను. ఇక్కడ విశాఖలో గాజువాకలో చేశాను, మద్దిలపాలెంలో చేశాను, ఎక్కువగా చేసింది మాత్రం పైన కొండల్లో, పాడేరు, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు. అందుకని ఇవాళ పల్లెలకి ఇంటర్నెట్ అనే విషయం మీద మాట్లాడమంటే నాకు ఒక్కటే చెప్పాలనిపించింది. ఊరికి కేబుల్ వెళ్ళిందా లేదా అని మనం లెక్కేస్తున్నాం, అది తెగినప్పుడు ఎన్నాళ్ళకి మళ్ళీ అతుకుతున్నాం అని ఎవరూ లెక్కేయట్లేదు.

మూడేళ్ళ కిందట మాట. జి.మాడుగుల దాటాక లోపలికి వెళ్ళే ఒక పంచాయతీ, పేరు చెప్పను. అక్కడ ఆఫీసులో గోడకి బాక్సు ఉంది, ఫైబర్లో వచ్చే వెలుగుని నెట్‌గా మార్చేది, ఓఎన్‌టీ అంటాం, రెడ్ లైట్ వెలుగుతోంది. రెడ్ లైట్ అంటే లైన్లో వెలుగు రావట్లేదని అర్థం. బాక్సు మీద దుమ్ము, పక్కన కట్టలు కట్టిన పాత రిజిస్టర్లు. ఎన్నాళ్ళైంది ఇలా అని అడిగితే అక్కడ పనిచేసే కుర్రాడు వేళ్ళు లెక్కపెట్టుకుని పదకొండు నెలలు సారూ అన్నాడు. కంప్లైంట్ పెట్టారా అంటే పెట్టాం, వస్తామన్నారు, కాంట్రాక్టు మారిందన్నారు, మళ్ళీ పెట్టాం అన్నాడు.

ఆ లైన్ మొదలయ్యే సబ్‌స్టేషన్ దగ్గరికి పోయి ఓటీడీఆర్ పెట్టాను. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, అది ఫైబర్లోకి చిన్న వెలుగు కొట్టి, వెనక్కి తిరిగొచ్చేదాన్ని బట్టి ఎంత దూరంలో తెగిందో చెప్పే మిషన్. బావిలో రాయేసి చప్పుడు విని లోతు చెప్పినట్టే. 3.2 కిలోమీటర్లు అని చూపించింది. బండి తీసుకుని స్తంభాలు లెక్కపెట్టుకుంటూ వెళ్తే సరిగ్గా అక్కడే, ఎండాకాలం తుప్పలు తగలబెట్టినప్పుడు మంట పైకి లేచి కేబుల్ కరిగి వేలాడుతోంది. మంట పెట్టినవాళ్ళది తప్పని నేను అనను, పైన ఆ నల్ల తాడు ఏంటో వాళ్ళకి ఎవరు చెప్పారు?

అక్కడే చెట్టు కింద గోనెపట్టా పరిచి కూర్చున్నాను. కరిగిన భాగం కోసేసి, పై తొడుగు వలిచి, లోపలి జెల్ తుడిచి, నీలం, ఆరెంజ్, ఆకుపచ్చ, బ్రౌన్ అలా రంగులవారీగా పోగులు విడదీసి, ఒక్కోటీ స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌లో పెట్టి కొస నిటారుగా తుంచి, స్ప్లైసింగ్ మిషన్లో ఎదురెదురుగా పెడితే అదే సరిచూసుకుని ఒక స్పార్క్ కొడుతుంది, రెండు గాజు కొసలూ కరిగి ఒకటైపోతాయి, పైన స్లీవ్ తొడిగి వేడి చేస్తే అయిపోయింది. గాలి తోలితే మాత్రం నరకం, దుమ్ము ఒక్క రేణువు పడినా జాయింట్ చెడిపోద్ది, అందుకే ఆ కుర్రాడు రెండు చేతులా తువ్వాలు పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. మధ్యలో కొత్త ముక్క వెయ్యాలి కాబట్టి రెండు వైపులా జాయింట్లు, పని మొత్తం మధ్యాహ్నం మొదలుపెట్టి చీకటి పడేలోపు అయిపోయింది. ఒక్క పూట. ఆ పూట పని కోసం ఆ పంచాయతీ పదకొండు నెలలు ఆగింది.

ఆ పదకొండు నెలల్లో ఊళ్ళో ఏమైందో కూడా వినండి. ఆ ఊరికి కాస్త పైన ఒక బండరాయి ఉంది, దాని మీదకెక్కితే ఫోన్‌లో రెండు గీతలు వస్తాయి, అందుకని సిగ్నల్ రాయి అనే పేరు పడిపోయింది. ఒకటో తారీఖు పింఛను డబ్బులు ఇవ్వాలంటే వేలిముద్ర పడాలి, ముద్ర పడాలంటే నెట్ ఉండాలి, కాబట్టి ముసలమ్మలు కర్రపుచ్చుకుని ఆ రాయి దగ్గరికి నడిచి వచ్చేవాళ్ళు. రేషన్ మిషనుకీ అదే తిప్పలు. ఉపాధి పనికి హాజరు ఫోటో 2023 జనవరి నుంచి యాప్‌లోనే తప్పనిసరి చేశారు, ఆ ఫోటో పైకి పంపాలన్నా సాయంత్రం ఆ రాయి ఎక్కాల్సిందే. డోలీ కట్టి కొండ దింపాల్సిన గర్భిణీ ఉంటే, కింద రోడ్డు దగ్గర 108 వచ్చి నిలబడాలని ముందుగా చెప్పడానికి కూడా ఒకడు ఆ రాయి దాకా పరుగెత్తాలి. రాత్రి పూట, వానలో, ఆ రాయి మీద జారితే ఏం చేస్తారు?

మనకి ఇది తెలియని బాధేం కాదు. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. ఈ హాల్లో ఉన్న పెద్దవాళ్ళలో ఆ రోజు మర్చిపోయినవాళ్ళు ఉండరు. స్తంభాలు పడిపోయాయి, టవర్లు ఆగిపోయాయి, పక్క వీధిలో ఉన్న అక్క బతికుందో లేదో తెలియక నడుచుకుంటూ వెళ్ళి చూసొచ్చిన వాళ్ళం, మేడ మీదకెక్కి ఫోన్ పైకెత్తి తిప్పిన వాళ్ళం. మనకి కొన్ని రోజులు అలా గడిస్తే ఇప్పటికీ చెప్పుకుంటున్నాం.

ఇప్పుడు డబ్బుల లెక్కకి వద్దాం, ఎందుకంటే డబ్బులు లేవని ఎవరూ అనడానికి వీల్లేదు. 2011 అక్టోబర్లో కేంద్రం నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కి ఓకే చెప్పింది, దేశంలో ఉన్న రెండున్నర లక్షల పంచాయతీలకి ఫైబర్ వెయ్యాలని, అదే తర్వాత భారత్‌నెట్ అయ్యింది. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ వేరే దారి పట్టింది, భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదే 20 వేల కిలోమీటర్ల పైచిలుకు కేబుల్ లాగారు, 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు, నెలకి 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ మూడూ అన్నారు. దాని ఆపరేషన్స్ సెంటర్ మన విశాఖలోనే పెట్టారు. స్తంభాల మీద లాగడం తప్పని నేను చెప్పను, కొండరాయి తవ్వి గొట్టం వెయ్యాలంటే ఖర్చూ ఎక్కువే, అటవీ అనుమతులకీ ఏళ్ళు పడుతుంది, స్తంభాల మీద అయితే తొందరగా చౌకగా అయిపోద్ది. కానీ గాల్లో వేలాడే కేబుల్‌కి చెట్టు కొమ్మ పడుతుంది, గాలివాన వస్తుంది, మంట తగులుతుంది, ఎత్తైన లోడు లారీ తగులుతుంది. భూమిలో వేసినదానికి జేసీబీ ఉండనే ఉంది, పాడేరు మీదుగా పోయే 516ఈ హైవే పనుల్లో నేను ఎన్నిసార్లు జాయింట్లు వేశానో నాకే గుర్తులేదు. అంటే ఎలా వేసినా తెగుద్ది. తెగడం మామూలు. అతకడానికి మనిషి లేకపోవడం మాత్రం మనం చేసిన ఏర్పాటు.

అందుకే 2023 ఆగస్టులో భారత్‌నెట్‌ని సవరించి 1,39,579 కోట్లు ఇచ్చినప్పుడు నాకు కోట్ల కన్నా రెండు మాటలు నచ్చాయి. ఒకటి రింగ్. ఇన్నాళ్ళూ మండలం నుంచి పంచాయతీకి ఒకే దారి, ఎక్కడ తెగితే అక్కడి నుంచి అవతల ఉన్న ఊళ్ళన్నీ చీకటే. రింగ్ అంటే చేతి గాజులాగా చుట్టూ తిప్పి మళ్ళీ మొదటికే తెచ్చి కలపడం, ఒక పక్క తెగితే రెండో పక్క నుంచి నడుస్తుంది, మనం అతికేలోపు జనానికి తెలియను కూడా తెలియదు. రెండోది, పదేళ్ళ నిర్వహణ కూడా ఆ పథకంలోనే కలిపారు, వేసి బిల్లు తీసుకుని వెళ్ళిపోవడం కుదరదని. కాగితం మీద చాలా మంచి మాటలు. కానీ కొండ మీద రింగ్ అంటే ఇటు వైపు లోయ, అటు వైపు ఒడిశా బోర్డర్, రెండో దారికి రోడ్డే ఉండదు కొన్ని చోట్ల, అక్కడ ఏం చేస్తారో ముందే అడగాలి మనం.

శాటిలైట్ వచ్చేస్తోంది కదా, ఇంకా ఈ వైర్లు దేనికి అని చాలామంది అడుగుతారు నన్ను. పాత శాటిలైట్లు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, మాట వెళ్ళి తిరిగి రావడానికి అర సెకను దాటిపోద్ది, వీడియోలో డాక్టరుతో మాట్లాడుతుంటే ఒకరి మాట మీద ఒకరు పడతారు. కొత్తవి 550 కిలోమీటర్ల దగ్గరే తిరుగుతాయి, వాటితో ఆ ఇబ్బంది లేదు, 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కి మన దేశంలో లైసెన్స్ కూడా వచ్చింది. పది ఇళ్ళు ఉన్న గూడేనికి, బండి కూడా వెళ్ళని చోటికి అదే దారి, నేను ఒప్పుకుంటాను. కానీ వంద ఇళ్ళు, బడి, ఆసుపత్రి, సచివాలయం ఉన్న ఊరికి ఫైబర్‌కి సాటి వచ్చేది ఇంకోటి లేదు. టవర్ నిలబెట్టినా ఆ టవర్‌కి వెనకాల నుంచి డేటా రావాలి కదా, అక్కడా మళ్ళీ ఈ గాజు పోగే మేలు. 

ఇంకోటి. 2025 అక్టోబర్ 14న గూగుల్ వాళ్ళు విశాఖలో ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించారు, సముద్రం అడుగు నుంచి వచ్చే కేబుల్ కూడా మన తీరానికే చేరుతుందన్నారు. సంతోషం, మన పిల్లలకి పని దొరకాలి. ఆ సముద్రం కేబుల్ తెగితే బాగుచేయడానికి ప్రత్యేకంగా ఓడలు ఉంటాయి, ఫోన్ చేస్తే బయల్దేరతాయి. పాడేరు ఇక్కడికి వంద కిలోమీటర్ల పైన అంతే, బస్సెక్కితే పూటలో చేరిపోతాం, అక్కడ కేబుల్ తెగితే బయల్దేరే మనిషి ఎవరు?

ఆ మనిషి ఆ ఊళ్ళోనే ఉండాలని నా ఉద్దేశం. ఆ రోజు తువ్వాలు పట్టుకున్నాడే, ఆ కుర్రాడు, ఇంటర్ చదివాడు, పోర్జా అనే గిరిజన తెగ వాళ్ళ అబ్బాయి. జాయింట్ అయ్యాక నేనొకటి వేస్తాను అన్నా, అన్నాడు, సారూ పోయి అన్నా వచ్చింది అప్పటికి. మిగిలిన ముక్కలిచ్చి చేయమన్నాను. మొదటి మూడు పాడుచేశాడు, నాలుగోది మిషన్ మీద లాస్, అంటే జాయింట్ దగ్గర పోయే వెలుగు, 0.03 డెసిబెల్ అని చూపించింది. నేను నేర్చుకున్న మొదటి వారంలో నాకు అంత తక్కువ లాస్ ఎప్పుడూ రాలేదు. తేనెపట్టు తీసే చెయ్యి, కాఫీ పండు ఒక్కోటీ ఏరే చెయ్యి, ఆ చేతికి ఉన్న నిదానం మన దగ్గర కోర్సు పెట్టి నేర్పలేం. తర్వాత రెండు వర్షాకాలాలు వాడే ఆ చుట్టుపక్కల ఆరు పంచాయతీల లైన్ చూసుకున్నాడు, నేను నా పాత మిషన్ అక్కడే వదిలేసి వచ్చాను. మొన్న జూలైలో రాత్రి తెగితే మర్నాడు పదింటికల్లా లైన్ వచ్చేసింది.

కాబట్టి నేను అడిగేది ఇది. కలెక్టరేట్‌కి అర్జీ రాసేవాళ్ళు, కార్పొరేటర్లు, విలేకరులు కూడా ఉన్నారిక్కడ, మీరు ఈసారి అడిగేటప్పుడు ఎన్ని ఊళ్ళకి ఇచ్చారు అని అడగకండి, ఏ పంచాయతీలో ఏ తారీఖున లైన్ పోయింది, ఏ తారీఖున వచ్చింది, ఆ పట్టిక పంచాయతీ గోడ మీద అంటించమని అడగండి. అతికే పని బయట కాంట్రాక్టుకి ఇచ్చినా సరే, మండలానికి ఇద్దరు గిరిజన పిల్లల్ని జీతానికి పెట్టుకోవాలని షరతు పెట్టమనండి.

ఇక్కడ కేబుల్ ఆపరేటర్లు ఓ నలుగురు కనపడుతున్నారు నాకు. స్ప్లైసింగ్ మిషన్ కొత్తది, మంచిది కొనాలంటే లక్ష దాటుద్ది, ఆ పిల్లలు కొనలేరు. మీ షాపుల్లో పాత మిషన్లు మూలన పడి ఉంటాయి, బ్యాటరీ పోయిందనో ఎలక్ట్రోడ్లు అరిగాయనో పక్కన పెట్టి ఉంటారు, అవి మార్చుకుంటే నడుస్తాయి, నేను మారుస్తాను. క్లీవర్ ఉన్నా ఇవ్వండి, బ్లేడు మొద్దుబారినా పర్లేదు. వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పాడేరు బస్సెక్కుతున్నాను, ఈలోగా ఎవరిస్తే వాళ్ళది పట్టుకెళ్తాను. ఆ డబ్బా వెనక వరస దాకా వెళ్ళిందా? చూసినవాళ్ళు మళ్ళీ ఇటు పంపించండి, అది కూడా తీసుకెళ్ళాలి, వాళ్ళు నేర్చుకోవడానికి పనికొస్తుంది.