రీలు చివర మిగిలిన ఫోటోలు

[తెర మీద: పాత ఆల్బమ్ పేజీలు తిరుగుతుంటాయి. పెళ్లిపందిరి, తలంబ్రాలు, బంతిలో భోజనాలు. చివరి పేజీలో, పెరట్లో కట్టేసిన గేదె.]

నమస్తే అండి. పాత ఆల్బమ్ తీస్తే మీకూ ఇలాంటి ఫోటో ఒకటి తగిలే ఉంటుంది. ముందంతా పెళ్లి. పట్టుచీరలు, బాజాలు, చుట్టాలు. చివరికొచ్చేసరికి ఏ సంబంధమూ లేకుండా ఒక గేదె, లేదా మెట్ల మీద కూర్చున్న పక్కింటి పిల్లాడు, లేదా ఉత్త వీధి. "ఇదెందుకు తీశారు?" అని అడిగితే పెద్దవాళ్లు చెప్పే జవాబు దాదాపు ఒకటే. "రీలు అవ్వాలి కదా!"

ఈ వీడియో ఆ మాట గురించే. రీలు అంటే పాత కెమెరాల్లో వేసే ఫిలిం చుట్ట. రీలు పూర్తి చెయ్యడం కోసం తీసిన ఫోటోలే మన ఆల్బమ్‌లలో అన్నిటికన్నా విలువైనవని నేను నమ్ముతాను. ఎందుకో చెప్తాను. మీ ఇంట్లో నెగటివ్‌లు, అంటే కడిగాక వచ్చే ఫిలిం ముక్కలు, ఉంటే ఆ ఫోటోల వెనక కథ ఎలా పట్టుకోవాలో కూడా చూపిస్తాను.

[తెర మీద: ఫిలిం రీలు కెమెరాలో ఎక్కిస్తున్న చేతులు]

ముందు రీలు సంగతి. 35 మిల్లీమీటర్ల రీలు ఎక్కువగా 24 లేదా 36 ఫోటోలకు వచ్చేది. తీసినవి ఎలా వచ్చాయో ల్యాబ్‌లో ఫిలింని మందుల్లో కడిగేదాకా తెలియదు. మధ్యలో కెమెరా మూత తీస్తే వెలుతురు తగిలి ఫోటోలు కాలిపోతాయి. సగంలోనే వెనక్కి చుట్టేసి ల్యాబ్‌లో ఇస్తే మిగిలిన ఫిలిం దండగ. డబ్బు పోసి కొన్న రీలుని అలా ఎవరు ఇస్తారు? పైగా రీలు ఖరీదుతో అయిపోదు, కడగడానికి వేరే, ప్రింట్లకు వేరే.

ఫంక్షన్ అయిపోయింది. నాలుగో ఐదో మిగిలాయి. ఫోటోలు ఎలా వచ్చాయో చూడాలని ఇంట్లో అందరికీ ఆత్రం. ఆ నాలుగూ ఏదో ఒకటి కొట్టేస్తే సాయంత్రమే కలర్ ల్యాబ్‌లో ఇచ్చేయొచ్చు. అలా పుట్టినవే ఈ ఫోటోలు.

ఇది మన ఒక్కళ్ల అలవాటు కాదు, రీలు పెట్టిన నియమం. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ అమ్మకానికి పెట్టిన మొదటి కొడాక్ కెమెరాలో 100 ఫోటోల రీలు ముందే ఎక్కించి ఇచ్చేవారు. ఆ వందా అయ్యాక కెమెరాని అలాగే అమెరికాలో రోచెస్టర్‌లో ఉన్న ఫ్యాక్టరీకి పంపాలి. వాళ్లు కడిగి, ప్రింట్లు వేసి, కొత్త రీలు ఎక్కించి తిరిగి పంపేవారు. కెమెరా 25 డాలర్లు, ఈ పనికి 10 డాలర్లు. 1900లో ఒక్క డాలర్‌కే బ్రౌనీ కెమెరా వచ్చింది. పిల్లల చేతికి కూడా కెమెరా అందింది అప్పుడే.

మన ఇళ్లలో ఆ పని ఆగ్ఫా క్లిక్ 3 లాంటి కెమెరాలు చేశాయి. రీలుకి 12 ఫోటోలు. తర్వాత హాట్‌షాట్‌లు, యాషికాలు, కొడాక్ కేబీ 10లు వచ్చాయి. చాలామంది అడిగి తెచ్చుకున్నవే, వాడి తిరిగి ఇచ్చేసినవే.

[తెర మీద: పక్కపక్కన రెండు ఫోటోలు. వరసగా నిలబడ్డ కుటుంబం ఒకటి. నూతి దగ్గర గిన్నెలు తోముతున్న ఆవిడ ఒకటి.]

ఈ రెండూ చూడండి. ఎడమవైపు ఉన్నది తీయాలని తీసింది. అందరూ బిగుసుకుని నిలబడ్డారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, పిల్లలకి తల మీద నీళ్లు రాసి దువ్వారు. కుడివైపు ఉన్నదానికి ఎవరూ తయారవలేదు. కొంగు బొడ్లో దోపి ఉంది, జుట్టు చెదిరి ఉంది, పక్కన బూడిద గిన్నె, కొబ్బరి పీచు. ఆ ఇంట్లో మామూలు రోజు ఎలా ఉండేదో చెప్పేది ఈ రెండోదే. దీన్ని ఫోటో తీయాలని అప్పట్లో ఎవరికీ తోచదు. నాలుగు ఫోటోలు మిగిలాయి కాబట్టి తోచింది.

కుడివైపు ఉన్నది మా అమ్మమ్మ. ఈ ఒక్క ఫోటో దగ్గర కాసేపు ఆగుదాం.

[తెర మీద: నెగటివ్ ముక్క క్లోజప్. అంచున అంకెలు.]

మా అక్క ఓణీల ఫంక్షన్ రీలు ఇది. ల్యాబ్ వాళ్లు నెగటివ్‌ని నాలుగేసి ఫోటోల ముక్కలుగా కోసి ఇచ్చారు. అంచున చిన్న అంకెలు కనిపిస్తున్నాయా? 33, 34, 35, 36. మధ్యలో 33ఏ, 34ఏ అని కూడా ఉంటాయి. ప్రింట్లు ఆల్బమ్‌లో ఎవరికి నచ్చినట్టు వాళ్లు పెట్టేస్తారు, వరస పోతుంది. ఈ అంకెలు మాత్రం ఏది ముందో ఏది వెనకో చెప్తాయి.

33లో పందిరి విప్పుతున్నారు. నిచ్చెన మీద ఒకాయన, కింద మడిచిన గుడ్డలు. 34లో అమ్మమ్మ నూతి దగ్గర గుండిగ తోముతూ తలెత్తి ఏదో అంటోంది. 35లో తాతయ్య అరుగు మీద పేపరు మొహాన కప్పుకుని నిద్రపోతున్నారు. 36లో ఒక చెయ్యి. మసకగా, కెమెరా మీదికి వస్తున్న చెయ్యి.

ఈ ఫోటోలు మావయ్య తీశాడనే మేమంతా అనుకునేవాళ్లం. కెమెరా తెచ్చింది ఆయనే కదా. ఇప్పుడు 34లో కింది భాగం చూడండి.

[తెర మీద: ఫోటో కింది భాగం పెద్దదవుతుంది. నేల మీద పొడవాటి నీడ.]

"సూర్యుడు నీ వెనక ఉండాలి" అని అప్పట్లో ఫోటో తీసే ప్రతివాళ్లకీ చెప్పేవారు. ఆ మాట విన్నందుకు సాయంత్రం పూట తీసిన ఫోటోల్లో తీసినవాళ్ల నీడ కూడా పడేది. ఈ నీడ చూడండి. రెండు మోచేతులు పైకెత్తి ఉన్నాయి, కెమెరా కంటి దగ్గర పెట్టుకున్నట్టు. పక్కన గాలికి ఎగురుతున్న పైట చెంగు. మావయ్య కాదు.

స్కాన్ చేసి మా పిన్నికి చూపించాను. చూడగానే నవ్వింది. "మీ మావయ్య సాయంత్రం బస్సుకి తణుకు వెళ్తున్నాడు, ఫోటోలు కడగడానికి ఇవ్వాలని. నాలుగు మిగిలాయే, కొట్టెయ్ అని కెమెరా నా చేతిలో పెట్టి స్నానానికి పోయాడు" అంది. అంతకుముందు ఆవిడ కెమెరా పట్టుకోనే లేదట. అమ్మమ్మ తలెత్తి అంటున్నది కూడా ఆవిడకి గుర్తుంది. "నన్నెందుకే, ఆ పిల్లని తియ్యి!" 36లో ఉన్న చెయ్యి స్నానం చేసి వచ్చి కెమెరా అందుకుంటున్న మావయ్యది.

మా అమ్మమ్మ పని చేస్తూ ఉన్న ఫోటో మా కుటుంబం మొత్తం మీద ఇదొక్కటే. మిగిలిన వాటన్నిట్లో పట్టుచీర కట్టుకుని, కెమెరా వైపు బిత్తరగా చూస్తూ నిలబడి ఉంటుంది.

[తెర మీద: తెల్లటి వెలుగుతో ఫోన్ స్క్రీన్, దాని పైన నెగటివ్]

మీ ఇంట్లో ఎలా చెయ్యాలో చెప్తాను. నెగటివ్‌ని అంచులతో పట్టుకోండి, వేలిముద్ర పడితే పోదు. ఒక ఫోన్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి వెలుగు పూర్తిగా పెంచండి. నెగటివ్‌ని స్క్రీన్‌కి ఆనించకుండా కాస్త పైకెత్తి పెడితే స్క్రీన్ చుక్కలు కనపడవు. అంచున అంకెలు తిన్నగా చదవగలిగితే మీరు సరైన వైపు నుంచి చూస్తున్నట్టే. రెండో ఫోన్‌తో ఫోటో తీసి, ఎడిటింగ్‌లో రంగులు తిరగెయ్యండి, అంటే ఇన్వర్ట్ చెయ్యండి. కలర్ నెగటివ్‌కి నారింజ పొర ఉంటుంది కాబట్టి మొదట నీలంగా వస్తుంది, రంగు సర్దితే చాలు. ఒకదానికొకటి అతుక్కుపోయిన నెగటివ్‌లు ఉంటే లాగకండి, తెలిసినవాళ్లకి ఇవ్వండి.

ఇంకొన్ని ఆనవాళ్లు గబగబా చెప్పేస్తాను. సగం తెల్లగా, అంచు ఎర్రగా కాలిపోయిన ఫోటో రీలులో మొట్టమొదటిది. ఎక్కించేటప్పుడు వెలుతురు తగిలిన భాగం అది. పాత డబ్బా కెమెరాల్లో రీలు తిప్పడం మర్చిపోతే ఒకే ఫోటోలో రెండు దృశ్యాలు పడేవి, గుడి గోపురం మీద బస్సులా. మూలన నారింజ అంకెల్లో ఉన్న తేదీని వెంటనే నమ్మకండి. బ్యాటరీ మార్చి తేదీ పెట్టుకోకపోతే అది తప్పే చూపిస్తుంది. గోడ మీద క్యాలెండరు చూడండి, వాకిట్లో ముగ్గు చూడండి, వెనక మామిడిచెట్టు పూత మీద ఉందేమో చూడండి.

[తెర మీద: కొత్తగా స్లాబ్ వేసిన ఇల్లు, ముందు నిలబడ్డ పిల్లలు, పక్కన దూడ]

గల్ఫ్ ఇళ్ల ఫోటోల గురించి చెప్పకుండా ఈ విషయం వదలలేను. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో, కడప వైపు, కోనసీమలో ఎన్నో ఇళ్లకి మొదటి కెమెరా దుబాయ్ నుంచో కువైట్ నుంచో పెట్టెలో వచ్చింది. తెచ్చినాయన తిరిగి వెళ్లిపోయాడు, కెమెరా ఇంట్లో ఉండిపోయింది. ఇక్కడ లెక్క తిరగబడింది. రీలు చివర మిగిలినవి మొక్కుబడిగా తీసినవి కావు, ఎంచి తీసినవి. స్లాబ్ ఎంతవరకు వచ్చిందో ఒకటి. ఈనిన గేదె, దూడ ఒకటి. వాకిలి చట్రం పక్కన నిలబెట్టిన పిల్లాడు ఒకటి, నాన్న వెళ్లినప్పటికన్నా ఎంత పెరిగాడో తెలియడానికి. ఉత్తరంతో పాటు కవర్లో పెట్టి పంపేవారు. అక్కడ ఒకే గదిలో ఏడెనిమిది మంది ఉండే చోట ఆ ఫోటో చేతులు మారేది. మూలలు మడతపడి, వెనక బాల్‌పెన్నుతో పిల్లాడి పేరు రాసి ఉన్న ఫోటోలు మీ ఇంట్లో ఉంటే, అవి సముద్రం దాటి వెళ్లి తిరిగి వచ్చినవేమో అడిగి చూడండి.

ఫోన్ వచ్చాక మిగలడం అనేది లేదు. నాలుగు మిగిలాయి కాబట్టి పెరట్లోకి వెళ్లాల్సిన అవసరమూ లేదు. నచ్చనివి అక్కడికక్కడే తీసేస్తున్నాం. అలా ముందుగా పోయేవి నూతి దగ్గర అమ్మమ్మ ఫోటో లాంటివే. దయచేసి వాటిని ఉంచండి.

[తెర మీద: సోఫాలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పెద్దవాళ్లు, ఎదురుగా టీవీలో పాత ఫోటో]

చివరగా, అడిగే పద్ధతి. పెద్దవాళ్లకి నెగటివ్ చూపిస్తే ఏమీ కనపడదు, ప్రింటు చిన్నది. స్కాన్ చేసి టీవీలో పెద్దగా పెట్టండి. వాళ్లకి చెప్పి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టండి. "ఇదెవరు?" దగ్గరే ఆగిపోకండి. "దీనికి ముందు ఏం జరిగింది? తర్వాత ఎటు వెళ్లారు? కెమెరా ఎవరిది?" అని అడగండి. వీలైతే ఇద్దరిని కలిపి కూర్చోబెట్టండి. మా పిన్నినీ మావయ్యనీ అలా కూర్చోబెడితే తణుకు బస్సు ఆరింటిదా ఏడింటిదా అని వాదించుకున్నారు. ఆ వాదన మధ్యలోనే కెమెరా పక్కూరి మాస్టారి దగ్గర అడిగి తెచ్చిందని, రీలుకి డబ్బులు ఇచ్చింది అరుగు మీద పేపరు కప్పుకుని పడుకున్న తాతయ్యేనని బయటికొచ్చింది. 36 దాకా పూర్తి చేసి గానీ ఇవ్వొద్దని చెప్పింది కూడా ఆయనేనట.