మాత్రలు పంచుకోకండి

(ఉత్తర చెన్నైలో ఒక తెలుగు పేట. వార్డు ఆరోగ్య కేంద్రం వాళ్ళు పెట్టిన సభలో, రిటైరైన ఒక నర్సు మాట్లాడిన మాటలు.)

వేదిక మీదున్న కౌన్సిలర్ గారికి, డాక్టరమ్మ గారికి, పొద్దుటినుంచీ షామియానా కట్టి కుర్చీలు మోసిన కుర్రాళ్ళకి, ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మలకి, అదిగో, గోడకి ఆనుకుని నిలబడ్డ అన్నలకి, అందరికీ నమస్కారం. అన్నలూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి కదా, వచ్చి కూర్చోండి. రారా? సరే, మీ సంగతి తర్వాత చెబుతాను.

కేంద్రంలో ఏమేం దొరుకుతాయో చదివి వినిపించమని నాకొక కాగితం ఇచ్చారు. గబగబా చదివేస్తాను. ఓపీ చీటీకి డబ్బు లేదు. రక్తం, మూత్రం, కళ్ళె పరీక్షలు ఉచితం. పిల్లల టీకాలు బుధవారం. కడుపుతో ఉన్నవాళ్ళు మూడు నెలలు నిండకముందే పేరు రాయించుకోవాలి. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పథకం కింద 18,000 రూపాయల సాయం ఉంది. అందులో 14,000 విడతలవారీగా బ్యాంకులో పడుతుంది, మిగతాది పోషకాహారం కిట్లుగా చేతికిస్తారు. ఆలస్యంగా పేరు రాయించుకుని తర్వాత డబ్బు పడలేదని సిస్టరమ్మ మీద అరవకండి. కుక్క కరిస్తే సబ్బు రాసి పావుగంట కుళాయి కింద కడిగి, నేరుగా ఇక్కడికి రండి. కారం, పసుపు పెట్టకండి. ఎన్నేళ్ళు చెప్పినా పెడుతూనే ఉన్నారు!

కాగితం అయిపోయింది. ఇక నేను వచ్చిన పని.

2021 ఆగస్టులో మన రాష్ట్రంలో ‘మక్కలై తేడి మరుత్తువం’ మొదలైంది, అంటే జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం. బీపీ, సుగర్ మాత్రలు ఇంటికే తెచ్చిస్తారు, మంచాన పడ్డవాళ్ళకి ఫిజియోథెరపీ కూడా ఇంట్లోనే. ఇదేదో కొత్త వింత అనుకుంటారు గానీ, ఇంటి దగ్గరే వైద్యం చేయొచ్చని లోకానికి చూపించింది మన ఊరే. చేట్‌పట్‌లో 1956లో టీబీ పరిశోధన కేంద్రం పెట్టారు. అప్పట్లో టీబీ అంటే శానటోరియంలో, అంటే టీబీ రోగులని ఉంచే ఆస్పత్రిలో, మంచం, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి. ఇంత జనానికి అన్ని మంచాలు ఎక్కడివి? అందుకని కొంతమంది పేద రోగులని శానటోరియంలో ఉంచారు, కొంతమందిని వాళ్ళ ఇరుకు ఇళ్ళల్లోనే ఉంచి మందులిచ్చారు. 1959లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్ళకి కూడా ఇంచుమించు అంత బాగానే నయమైంది. వాళ్ళవల్ల ఇంట్లో మిగతావాళ్ళకి జబ్బు ఎక్కువగా అంటుకున్నదీ లేదు. ఆ తర్వాత దేశదేశాల్లో టీబీకి ఇంటి దగ్గరే వైద్యం చేసే పద్ధతి వచ్చింది.

అయితే మందు పొట్లం చేతికిచ్చి ఊరుకోలేదు వాళ్ళు. చెప్పాపెట్టకుండా ఇంటికెళ్ళి మాత్రలు లెక్కపెట్టేవాళ్ళు. మూత్రం తీసుకుని మందు ఒంట్లోకి వెళ్ళిందో లేదో చూసేవాళ్ళు. ఎందుకంటే సీసాలో మాత్రలు తగ్గినంత మాత్రాన రోగి మింగినట్టు కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మన పేటలో ఒక పెద్దమ్మ ఉంది. పేరు చెప్పను. ఇక్కడే కూర్చుంది, అప్పుడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కార్పొరేషన్‌లో చీపురు పట్టి రిటైరైన మనిషి. నెలనెలా ఈ పథకం వాలంటీరమ్మ మాత్రలు తెచ్చిస్తుంది, బీపీ చూస్తుంది. ఎప్పుడు చూసినా పైన 170కి తగ్గదు. మాత్రలు చూస్తే లెక్క సరిగ్గా సరిపోతుంది. ఉప్పు తగ్గించింది, ఎండుచేప మానేసింది. డాక్టరమ్మ మందు పెంచాలా అని ఆలోచనలో పడ్డారు.

ఒకరోజు వాలంటీరమ్మ తెల్లారకముందే వెళ్ళింది. పెద్దమ్మ వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని ఉందట. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్రని కత్తిపీట అంచు మీద ఆనించి నొక్కి రెండు చేసింది. ఒక ముక్క తను వేసుకుంది. రెండోది క్యాలెండర్ కాగితంలో మడిచి, కొక్కేనికి తగిలించిన కొడుకు యూనిఫాం చొక్కా జేబులో పెట్టింది.

“వాడికీ ప్రెషర్ ఉందమ్మా, వాడికెవరు తెచ్చిస్తారు?” అంది.

ఏం చెబుతాం చెప్పండి? ఎప్పుడో ఒక క్యాంపులో చూస్తే ఆ అబ్బాయికి 180/110 ఉందట. రోజూ మాత్ర వేసుకోవాలన్నారు. ఎప్పుడు రావాలి? 6 గంటలకి హాజరు వేయించుకుని చెత్త బండి ఎక్కుతాడు. మన కేంద్రం తెరిచేది 8కి. అతను డ్యూటీ దిగి, స్నానం చేసి, నాలుగు మెతుకులు తిని వచ్చేసరికి మందుల కౌంటర్ కిటికీ మూసేస్తారు. కాంట్రాక్టు మనిషి, ఒకపూట మానేస్తే ఆ పూట కూలి పోయినట్టే. వాలంటీరమ్మ వచ్చే టైముకి అతను ఇంట్లో ఉండడు కాబట్టి ఆమె పుస్తకంలో అతని పేరే లేదు. కాబట్టి తల్లికి రాసిన మాత్రనే సగం సగం చేసుకుని, ఇద్దరూ వైద్యం జరుగుతోందనుకున్నారు.

అయ్యా, ఊరి చెత్త ఎత్తేవాడికి ఊరి ఆస్పత్రి తెరిచి ఉన్న టైములో దొరకదు! ఇదే నా బాధ. ఇది చెప్పడానికే వచ్చాను.

అన్నలూ, తప్పంతా టైముదే అని నేను అనట్లేదు. టాస్మాక్, అదే సర్కారు సారా కొట్టు, ఎప్పుడు మూస్తారో మీలో ఒక్కరు కూడా మర్చిపోరు. అక్కలు నవ్వకండి, నిజమే కదా! తల తిరిగితేనే బీపీ అనుకుంటున్నారు. తిరగదు. నొప్పుండదు. 140/90 దాటి ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, ఏ నొప్పీ తెలియదు. ఒకరోజు చెయ్యి పడిపోతుంది. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి లేవకపోయినా నిమ్మకాయ నీళ్ళు తాగించి పడుకోబెట్టకండి. 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తం గడ్డని కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. తెల్లారాక చూద్దాంలే అనుకుంటే అంతే.

ఆ వాలంటీరమ్మ కూడా ఈ పేట పిల్లే. ఇంటింటికీ మెట్లెక్కి తిరిగినందుకు ఆమెకి వచ్చేది జీతం కాదు, ప్రోత్సాహకం అంటారు. అంటే ఎంత తక్కువో మీరే ఊహించుకోండి. ఆమె వస్తే కాసిన్ని మంచినీళ్ళివ్వండి, “ఇప్పుడు కుదరదు, రేపు రా” అనకండి. ఆ పెద్దమ్మ గుట్టు రట్టు చేసింది కూడా ఆ పిల్లే.

నాకు గంట కొడుతున్నారు. ఇంకొక్క నిమిషం.

కౌన్సిలర్ గారూ, ఈ ఊళ్ళో కొన్ని కేంద్రాల్లో సాయంత్రం పూట పాలిక్లినిక్ నడుస్తోంది. స్పెషలిస్టు డాక్టర్లే వస్తున్నారు. మేము స్పెషలిస్టుని అడగట్లేదు. వారానికి రెండు సాయంత్రాలు మందుల కిటికీ తెరవండి, బీపీ చూసే ఒక సిస్టర్‌ని కూర్చోబెట్టండి. అది కుదిరేదాకా, పొద్దున హాజరు వేసే చోటికే బీపీ మెషీన్ పంపండి. మనుషులందరూ అక్కడ వరసలో నిలబడే ఉంటారు, వెతకక్కర్లేదు.

ఇప్పుడు కౌన్సిలర్ గారు మాట్లాడతారు. పరిశీలిస్తాం అంటే ఒప్పుకోకండి, ఏ వారం నుంచో అడగండి.