తూములోంచి వచ్చిన నీళ్ళు

శ్రోతలకు నమస్కారం.

2015 డిసెంబరు 1, మంగళవారం. అప్పట్లో మేం చెన్నై సైదాపేటలో, అడయారు నదికి రెండు వీధుల ఇవతల, కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. గుమ్మానికి గోనెసంచులు అడ్డం పెట్టి, అటే చూస్తూ కూర్చున్నాం. రాత్రి పదిన్నరకి నీళ్ళు వెనకనుంచి వచ్చాయి. స్నానాల గది తూములోంచి బుడబుడమంటూ పైకి తన్నుకొచ్చాయి. మా ఆవిడ తూము మీద సన్నికల్లు పెట్టింది. నీళ్ళు దాని పక్కలనుంచి చిమ్మాయి. గంట తిరక్కుండా ఖాళీ గ్యాసు సిలిండరు తేలుకుంటూ వెళ్ళి ఫ్రిజ్జుని పలకరించింది.

"సామాన్లు పోతే పోయాయి, పైకొచ్చేయండి నాయనా" అని మేడమీద నుంచి ఇంటివాళ్ళ బామ్మగారు కేకేశారు. మూడు రోజులు ఆవిడ వంటింట్లోనే మా భోజనం. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. 1878లో పుట్టిన హిందూ పత్రిక మర్నాడు అచ్చుకాలేదు. బామ్మగారి ట్రాన్సిస్టర్ మాత్రం పలికింది. రేడియోలో కూర్చుని రేడియోని పొగుడుకుంటున్నాననుకోకండి, జరిగింది చెబుతున్నాను.

తాంబరంలో ఆ ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన పడింది. అడయారుకి ఎగువనున్న చెంబరంబాక్కం చెరువు నుంచి సెకనుకి 29,000 ఘనపుటడుగుల నీళ్ళు వదిలామన్నారు. అంటే సెకనుకి ఎనిమిది లక్షల లీటర్లు పైమాటే. ఆ తర్వాత ఊరంతా చెంబరంబాక్కం గేట్ల గురించే కొట్లాట. ఎప్పుడెత్తారు, ఎందుకు ముందే ఎత్తలేదు అని. ఆ కోపంలో న్యాయముంది. కానీ నెల్లూరు జిల్లాలో చెరువు కింద పెరిగిన నాకు ఆ కథ సగమే అనిపించింది.

గొలుసుకట్టు చెరువులు మనకి తెలిసినవే కదా. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది, అది నిండితే దాని కిందది. కాంచీపురం, చెంగల్పట్టు వైపు కూడా అదే ఏర్పాటు. ఆ ఏడాది నవంబరంతా వానలే కాబట్టి చెరువులు అప్పటికే నిండి ఉన్నాయి. అన్నీ ఒకేసారి అలుగు పారాయి. ఆ గొలుసులు చాలావాటికి చివరి కొక్కెం అడయారే. మధ్యలో ఉండాల్సిన కొన్ని చెరువులు ఇప్పుడు చెరువులు కావు, చిరునామాలు. పళవంతాంగల్, అయ్యప్పన్‌తాంగల్ అంటారు చూడండి, తాంగల్ అంటే చిన్న చెరువే.

మన తెలుగువాళ్ళం చీరలకి ఎగబడే టీ.నగర్ సంగతీ అంతే. పేరు త్యాగరాయ శెట్టిగారిది, పార్కు పానగల్ రాజావారిది, ఇద్దరూ తెలుగువాళ్ళే. కింద నేల మాత్రం మాంబళం చెరువుది. 1920లలో పూడ్చి పేట కట్టారు. పశ్చిమ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డని ఇప్పటికీ ఉంది. లేకూ లేదు, వ్యూవూ లేదు. వాన గట్టిగా పడిన రోజున రెండూ కనిపిస్తాయి.

మా నాన్నగారి పొలం దస్తావేజుల్ని మిద్దె మీద తీగకి బట్టల క్లిప్పులు పెట్టి నాలుగు రోజులు ఆరేశాం. కాగితం ఆరింది గానీ, సర్వే నంబరున్న చోట నీలి మరకే మిగిలింది. నకళ్ళకోసం మూడుసార్లు నెల్లూరు తిరిగాను.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటబోయే ముందు చెన్నైని ముంచిపోయింది. వేళచ్చేరి, పళ్ళికరణై వైపు పడవలు తిరిగాయి. అక్కడ ఒకప్పటి పెద్ద చిత్తడినేలలో ఇప్పుడు కొంతే మిగిలింది.

ఈమధ్య మళ్ళీ ఇల్లు వెతుకుతున్నాను. బ్రోకరు నీళ్ళ సౌకర్యం గురించి చాలా బాగా చెబుతాడు. నేను వీధి చివర ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళి, "అన్నా, 2015లో ఇక్కడ ఎంత వరకొచ్చింది?" అని అడుగుతాను. మొన్న ఒకాయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, రొమ్ము మీద చెయ్యి ఆనించి చూపించాడు. ఆ ఇల్లు రెండో అంతస్తులో ఉందని చెప్పాను. "అయితే సరే, బండి మాత్రం కింద పెట్టకండి" అన్నాడు.